వాగు దాటని ఎద్దు

మా దిక్కున ఎద్దును అమ్మేటప్పుడు తలుగు ఇవ్వరు. ఎద్దు పోతుంది, దాన్ని కట్టేసిన తాడు మాత్రం ఇంటికి తిరిగి వస్తుంది. కొనుక్కున్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. తలుగు కూడా ఇచ్చేస్తే కొట్టంలో ఉన్న లక్ష్మి దాని వెంటే నడిచి పోతుందని మా పెద్దల నమ్మకం. అందుకే మా బాపు ఇంట్లో గోడ కొయ్యకు ఎప్పుడూ తాళ్లు వేలాడుతూ ఉండేవి. అవ్వ వాటిని ముట్టుకుని, ఇది పుల్లెద్దుది, ఇది కర్రెద్దుది అని చెప్పేది. గాలి వస్తే అవి కదిలేవి. నేను కళ్లు మూసుకుంటే లేని ఎడ్లన్నీ వరసగా నిలబడి నెమరు వేస్తున్నట్టు ఉండేది.

వాటిలో ఒక తాడు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కరీంనగర్‌లో నా బిడ్డ ఇంట్లో, లిఫ్టు ఎక్కి పైకి పోవాల్సిన ఇంట్లో, నా మంచం తలాపున మేకుకు ఉంది. ఈ ఇంట్లో కొట్టం లేదు, గడ్డి లేదు. పారెయ్యమని నా బిడ్డ ఎన్నోసార్లు చెప్పింది. చెప్పనీ.

మొన్నామధ్య నా మనుమరాలు ఆ తాడు కిందనే కూర్చుని పరీక్షకు చదువుతోంది. దానిది వ్యాపారం చదువు. వ్యాపారం చదివితే వస్తుందా అని నేను మొదట్లో నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను. నాకు అక్షరాలే తల నెరిసినంక వచ్చాయి, ఎవరికి ఏది ఎప్పుడు వస్తుందో మనకేం తెలుసు. ఆ రోజు దాని పాఠం వ్యాపారంలో నీతికి పునాది ఏమిటనేది. అది పైకి చదువుతోంది, నేను మంచం మీద ఒరిగి వింటున్నాను.

పునాది అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. నేను సగం బతుకు శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబావుల కాలనీలో బతికాను. అక్కడ నేల కింద నేల లేదు, బావి ఉంది. గోడ పగిలిందంటే మేస్త్రీని తిట్టేవాళ్లం కాదు, కిందికి చూసేవాళ్లం. పొద్దున నేను పాల గిన్నె పట్టుకుని క్వార్టర్ల మధ్య నడుస్తుంటే, నా అడుగుల కిందనే ఎక్కడో చీకట్లో, నెత్తికి దీపం కట్టుకుని మా ఆయన నడుస్తుండేవాడు. ఒక్కోసారి ఆగి కాలితో నేలను మెల్లగా తట్టేదాన్ని. ఆయనకు వినపడదని తెలుసు. అయినా తట్టేదాన్ని.

"ఎందుకు నవ్వుతున్నవ్ అమ్మమ్మా?"

"ఏం లేదు, నువ్వు సదువు బిడ్డా."

పుస్తకంలో మూడు దారులు చెప్పారట. ఒకరేమో ఒక పని మంచిదా చెడ్డదా తేల్చాలంటే దానివల్ల ఎందరికి మేలు జరిగిందో చూడమన్నారు. ఇంకొకరు మేలు సంగతి పక్కన పెట్టు, లోకమంతా నీలాగే చేస్తే లోకం నిలుస్తుందా అని అడుగు అన్నారు. మూడోవాళ్లు ఆ పని చేసి చేసి నువ్వు ఎటువంటి మనిషివి అవుతావో అది చూసుకో అన్నారు. నాకు మూడూ నచ్చాయి. తెలివిగలవాళ్లు కూర్చుని నిమ్మళంగా ఆలోచించిన మాటలని వింటేనే తెలుస్తుంది. కానీ అటూ ఇటూ ఊగుతున్న ఆ తాడును చూస్తుంటే, నా కళ్ల ముందు పుస్తకం మెల్లగా పోయి దుమ్ము లేచింది. పశువుల అంగడి దుమ్ము.

అది వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ముందటి అంగడి. ఉట్నూర్ పోయే దారిలో పడేది. దూరం నుంచి చూస్తే నేలకు దిగిన మబ్బులాగా ఉండేది, దగ్గరికి పోయేకొద్దీ మబ్బులోంచి కొమ్ములు బయటికి వచ్చేవి. ఆ అంగడికి నేను నా బూడిదరంగు మైల ఎద్దును తోలుకుని పోయాను. వెంట మా అన్న వచ్చాడు.

ఆ ఎద్దు నాకు బాపు ఇచ్చింది. జోడు ఎద్దు ఎండాకాలంలో చచ్చిపోయింది. ఒంటెద్దుతో దున్నలేము. మా ఆయనకు అప్పుడే బావిలో పని దొరికింది, క్వార్టర్ ఇచ్చారు. ఎద్దును అమ్మి ఒక పాడి బర్రెను కొనుక్కుని కాలనీకి పోతే, పాలు పోసుకుని నా బతుకు నేను బతకవచ్చని నా ఆలోచన. ఆ అంగడి దాటితే దున్నకాలు మొదలవుతాయి, ఇక ఎద్దును అడిగేవాడు ఉండడు. ఉన్నా వాళ్లు అంగడి చివర లారీ పక్కన నిలబడే వాళ్లు. ముసలివీ కుంటివీ వాళ్లే కొనుక్కుంటారు. నా మైల ఎద్దు ఆ లారీ దిక్కు పోవద్దు, నాకు బర్రె రావాలి. ఇంతే నా పని.

దానికి ఒక్కటే గుణం ఉంది. వాగు దాటదు. తొట్టిలో నీళ్లు తాగుతుంది, వానలో తడుస్తుంది, బురదలో నాగలి గుంజుతుంది. కానీ పారే నీళ్లు మోకాలెత్తు అడ్డం వచ్చినా సరే, ఒడ్డున ఆగి తల దించి వాసన చూసి, ముక్కుతో ఊది, అట్లాగే నీళ్లలోకి చూస్తూ నిలబడుతుంది. కొడితే కదలదు. బుజ్జగిస్తే చెవులు ఊపుతుంది. మా బాపు కొట్టడం మానేశాడు. ఆడ దానికేదో కనపడుతున్నది, మనకు కనపడతలేదు, అనేవాడు. మా చేన్లకు వాగు అడ్డం లేదు కాబట్టి ఆ గుణంతో మాకు పని పడలేదు.

అంగట్లో బేరం తువ్వాల కింద జరుగుతుంది. దళారి తన చెయ్యి, అమ్మేవాడి చెయ్యి కలిపి పైన తువ్వాల కప్పుతాడు. ధర నోటితో చెప్పరు, వేళ్లతో చెబుతారు. పక్కన నిలబడ్డవాడికి మనుషుల మొఖాలు కనపడతాయి గానీ మాట కనపడదు. ఆడమనిషి తువ్వాల కింద పరాయి మగవాడికి చెయ్యి ఇవ్వకూడదు కదా. అందుకే మా అన్న నా తరఫున చెయ్యి పెట్టాడు. నేను తలుగు పట్టుకుని నిలబడ్డాను.

కొనేవాడు ఉట్నూర్ అవతలి గూడెం నుంచి వచ్చిన గోండు పెద్దమనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్ల రుమాలు చుట్టుకుని ఉన్నాడు. భుజం మీద కొత్త తాడు. అతనికీ ఒక ఎద్దే మిగిలిందట, జోడు కోసం వచ్చాడు. నా ఎద్దు పండ్లు చూశాడు, సుడులు చూశాడు, వీపు నిమిరాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. పొడుస్తదా, పండుకుంటదా, మేత మానేస్తదా. దేనికైనా నిజమే చెప్పాము, ఎందుకంటే అవేవీ దానికి లేవు. తువ్వాల కింద వేళ్లు ఆడుతున్నాయి. మా అన్న మొఖం వెలుగుతోంది, మంచి ధర పలుకుతోందని నాకు అర్థమైంది. నాలుగు సన్నుల నిండా పాలున్న బర్రె, దాని వెనక ఒక దూడ, నా కళ్ల ముందు వచ్చి నిలబడ్డాయి.

అప్పుడు ఆ పెద్దమనిషి వంగి ఎద్దు కాలు ఎత్తి గిట్ట చూసి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"మంచి గిట్టలు. మా వాగుల రాళ్లకు ఆగుతయి."

"అది వాగు దాటది," అన్నాను.

అనాలని అనుకోలేదు. అనకూడదనీ అనుకోలేదు. నోట్లోంచి వచ్చింది. తువ్వాల కింద వేళ్లు ఆగిపోయాయి. వేళ్లకు ధర చెప్పడం వచ్చు, ఈ సంగతి చెప్పే వేలు మనిషికి లేదు. ఇది అందరూ వినేటట్టు నోటితోనే చెప్పాలి.

మా అన్న మొఖం నల్లబడింది. ఒక్క నిమిషమే. తర్వాత గట్టిగా నవ్వాడు.

"ఆమె మాట ఇనకు పటేలా! పుట్టింటి ఎద్దు, ఇడిసిపెట్టబుద్ధి అయితలేదు, అందుకే గట్ల అంటున్నది. పొద్దుగాల్నుంచి ఏడ్సుడే ఉన్నది."

"నేనెప్పుడు ఏడ్సిన?" అన్నాను.

"అగో, మళ్ల ఏడుస్తున్నది," అన్నాడు మా అన్న. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాకు అప్పుడు తెలిసింది, నిజం చెబితే సరిపోదు, అది నిజమని కూడా మనమే చూపించుకోవాలి. దుమ్ముకు నా కళ్లలో నీళ్లు ఉన్న మాట వాస్తవం. అందరూ వాటినే చూస్తున్నారు. దళారి నన్ను ఓదార్చడానికి వచ్చాడు.

"చెల్లె, ఫికర్ జెయ్యకు. మంచింటికే పోతున్నది."

"మంచిల్లు గాదే నేను జెప్పేది. నీళ్లు. నీళ్లు జూస్తే ఆగుతది."

"ఆడోళ్లకు తెల్వది చెల్లె, తోలేటోడు తోలితే అన్నీ దాటుతయి."

తలుగు పట్టుకుని నడిచాను. అంగడి వెనక ఒక చిన్న ఒర్రె పారుతుంది, పిల్లలు కూడా దూకి దాటేటంత. ఎద్దు నా వెంట వచ్చింది. మా వెంట దళారి, మా అన్న, పెద్దమనిషి, పని లేని వాళ్లు అందరూ వచ్చారు. ఊరేగింపులాగా ఉంది. దుమ్ము వెనక పడిపోయింది, మనుషుల మాటలు కూడా పలచబడ్డాయి. తుమ్మచెట్ల నీడ నీళ్ల మీద పడి వణుకుతోంది. నడుస్తూ నాకు ఒక భయం పట్టుకుంది. ఈ రోజే, ఎన్నడూ లేనిది, ఇది దాటితే?

దాటలేదు. ఒడ్డున ఆగింది. తల దించింది. ముక్కుతో ఊదితే నీళ్ల మీద చిన్న గుండ్రం విచ్చుకుంది. మా అన్న తోక మెలిపెట్టాడు, దళారి అదిలించాడు, ఒకడు కట్టె తెచ్చాడు. అది నీళ్లలోకి చూస్తూనే ఉంది. ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. కొంతసేపటికి కట్టె తెచ్చినవాడు కూడా దాన్ని కింద పడేశాడు. అందరం ఒక్క ఎద్దు చూస్తున్న దిక్కే చూస్తున్నాం. నాకేం కనపడలేదు. నీళ్లు, నీళ్ల కింద ఇసుక, ఆకాశం.

మొదట దళారి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ బేరం నువ్వే చెడగొట్టుకున్నవు తల్లీ," అని పోయాడు. మా అన్న నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"ఎవడన్న అడిగిండా నిన్ను? అడిగిండా?"

"అడగలే."

"మరి?"

అంగడి ధర్మం ప్రకారం మా అన్నది తప్పేం కాదు. అడిగింది చెప్పాలి, అడగనిది కొనేవాడి కళ్లే చూసుకోవాలి. ఆ ధర్మం మీదే ఆ అంగడి ఎన్నో తరాలుగా నడుస్తోంది.

పెద్దమనిషి మాత్రం పోలేదు. చెప్పులు విడిచి ఒర్రెలో దిగి, నీళ్లలో నిలబడి ఎద్దు మొఖం వైపు చూశాడు. తర్వాత ఒడ్డెక్కి నన్ను అడిగాడు.

"ఇంకేం ఉన్నది బాయీ, దీనికి?"

"ఇంకేం లేదు దాదా. ఇదొక్కటే."

అతను భుజం మీది కొత్త తాడు తీశాడు.

"అంగడంతా తిరిగిన. మస్తు ఎడ్లున్నయి. ఒక్కదానికి కూడ ఏం రోగం లేదంటున్నరు. ఏం దాచిండ్రో నాకెట్ల తెల్వాలె? ఏం తప్పున్నదో ఎరికైన ఎద్దు ఇదొక్కటే."

"మరి మీ వాగు?" అన్నాను. నా నోటికి బుద్ధి రాలేదు.

"మా అన్న చేను వాగు ఇవతల ఉన్నది, నాది అవతల. ఇద్దరం మార్చుకుంటం. ఒప్పుకుంటడు. ఒప్పుకోకుంటే ఇంక జూస్త."

ధర మేమిద్దరమే, ఒర్రె ఒడ్డున, నోటితోనే మాట్లాడుకున్నాం. తువ్వాల లేకుండా ధర చెప్పుకోవడం ఆ అంగట్లో కొత్త. చూస్తున్నవాళ్లు మేము బట్టల్లేకుండా నిలబడ్డట్టు మొఖాలు తిప్పుకున్నారు. మొదట పలికిన ధర రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. ఎద్దు మెడలోకి అతని కొత్త తాడు పోయింది, నా పాత తలుగు నా చేతికి వచ్చింది. అది వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. దుమ్ములోకి పోయింది, ముందు కాళ్లు మాయమైనాయి, తర్వాత వీపు, చివరికి కొమ్ములు.

వచ్చిన దానితో పాలిచ్చే బర్రె రాదు. అదే అంగట్లో, పొద్దు వాలుతుంటే, ఒకాయన దగ్గర సూడి బర్రె కొన్నాను. ఈనేదాకా పాల సంగతి తెలియదు. ఎన్నో ఈత, ఎప్పుడు కట్టింది, అన్నీ అడిగాను. అన్నీ చెప్పాడు. సన్నుల సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు.

కాలనీలో అది ఈనిన రోజు తెలిసింది, నాలుగో సన్నుకు పాలు రావు. మూసుకుపోయి ఎన్నాళ్లయిందో. దూడను చూడటానికి వచ్చిన మా అన్న ఆ మాట విని కొట్టంలోనే కూలబడి నవ్వాడు.

"నీ నిజం నాలుగో సన్ను దిన్నది చెల్లే! వాడు నీ తీరు వాగు వాగు అని మొత్తుకుంటే నువ్వు కొంటుంటివా?"

"కొనకపోదును," అన్నాను. మూడు సన్నుల పాలు పిండుతూ నేను కూడా నవ్వాను. నవ్వకుండా ఏం చేస్తాను? ఒక్క దినాన, ఒక్క అంగట్లో, నేను చెప్పినదానికి నష్టపోయాను, వేరేవాడు చెప్పనిదానికి నష్టపోయాను. నిజం చెబితే చివరికి లాభమే వస్తుందని ఎవరన్నా రాస్తే నేను ఒప్పుకోను. రావచ్చు, రాకపోవచ్చు. నాకు మూడు సన్నులు వచ్చాయి.

పాలు చాలేవి కావు. పక్క క్వార్టరామె కూడా పాలు పోసేది. ఆమె గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండేది. "ఓ చెంబెడు నీళ్లు పోస్తె ఏమైతదక్కా, తాగేటోళ్లు సస్తరా?" అనేది నవ్వుతూ. మంచిదే ఆమె, నాకు జ్వరమొస్తే జావ కాచిచ్చింది. ఒకనాడు తెల్లారగట్ల నల్లా కింద చెంబు నింపుకుని గిన్నె మీదికి వంచబోయాను. మంచు పడుతోంది. కాలనీ అంతా తెల్లగా, ఏదీ నిజంగా లేనట్టు ఉంది. నల్లా నుంచి నీళ్లు సన్నగా పారుతూ నా కాళ్ల ముందు నుంచి పోతున్నాయి. నా చెయ్యి ఆగింది. కొంతసేపు ఆ పారే నీళ్లను చూస్తూ నిలబడ్డాను. తర్వాత చెంబెడు నీళ్లు బర్రె ముందున్న తొట్టిలో పోశాను. ఆ పొద్దు రెండిళ్లవాళ్లకు పాలు అందలేదు. వాళ్లు పక్కామె దగ్గరికి మారిపోయారు, మళ్లీ రాలేదు. నా పాల వ్యాపారం పెద్దది కాలేదు. ఆ మూడు సన్నులతోనే, తర్వాత ఆ బర్రె బిడ్డల పాలతో, పిల్లలు చదువుకున్నారు. అంతే.

ఇదంతా పైకే చెప్పుకుంటూ పోయినట్టున్నాను, నా మాట అయిపోయేసరికి మనుమరాలు పుస్తకం మూసి వేలు మధ్యలో పెట్టుకుని ఉంది.

"అమ్మమ్మా, ఎద్దుకైతే ఎందుకు ఆగుతున్నదో తెల్వది. నువ్వు మనిషివి. నువ్వెందుకు ఆగినవ్?"

"తెల్వది బిడ్డా."

"గట్ల రాస్తే మార్కులియ్యరు."

"మరి నీ పుస్తకం ఏమన్నది?"

"మనిషి కారణం చెప్పగలగాలె, లేకుంటే అది అలవాటే గానీ నీతి గాదు అన్నరు. అలవాటు తప్పు జాగల కూడ ఆపుతది. నీ ఎద్దు తీరు. వాగవతల ఎవరన్న సస్తున్నా అది ఆగుతుండె గదా?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నిజమే. వరద వచ్చిన రోజు ఆ ఎద్దును నమ్ముకున్నవాడు మునిగేవాడే. నేను ఇన్నేళ్లు దాన్ని నా పక్కన నిలబెట్టుకుని చూశాను, దానికి ఎదురుగా నిలబడి చూడలేదు. పిల్ల చదువు ఊరికే పోలేదని సంతోషమైంది, కొంచెం చిన్నబోయాను కూడా.

"మరి ఆ తాతకు ఏమైంది? వాళ్లన్న చేను ఇచ్చిండా?" అంది.

అదొక్కటీ నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఆ పొద్దు దానికి చెప్పాను. ఆ తర్వాత ఏడాదో రెండేళ్లకో మా అన్న అంగడి నుంచి కాలనీకి వచ్చాడు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"నీ ఎద్దును జూసిన చెల్లె. వాగు దాటుతున్నది."

"అబద్ధం."

"ఒట్టు. ఆ ముసలాయన ముంగట నీళ్లల్ల నడుస్తుండు, అది ఎనుక నడుస్తున్నది. తాడు కూడ పట్టుకోలే."

మా అన్న అంగట్లో బతికినవాడు, ఆయన మాటకు నేను ఎన్నడూ పూర్తిగా విలువ కట్టలేదు. నన్ను ఉడికించడానికి చెప్పాడా, నేను చెప్పింది చివరికి అబద్ధమే అయిందని ఎత్తిపొడవడానికా, లేక నిజంగానే చూశాడా? ఆ మాటలో ఆయనకు వచ్చేదేమీ లేదు. లాభం లేని చోట మా అన్న అబద్ధం చెప్పగా నేను చూడలేదు. అట్లాగని అడిగి తేల్చుకోలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

"నువ్వేం నమ్మినవ్?" అంది మనుమరాలు.

దానికి ఏం చెప్పానో గుర్తు లేదు, మగత కమ్మింది. కిటికీలోంచి గాలి వచ్చి తలాపున తాడు కదిలింది. సన్నగా పొడుగ్గా ఒక మనిషి చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో పోతున్నాడు. ఒడ్డున మైల ఎద్దు తల దించింది, ఊదింది. నేను ఇవతల ఒడ్డు మీద తలుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. దాటుతుందో లేదో చూద్దామని ఇంకా నిలబడే ఉన్నాను.